రోజుల బిడ్డకు జ్వరం

పిల్లల వార్డులో పనిచేసినన్నాళ్ళూ నాకు పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఓపీ బల్లల మీద వరసగా తల్లులు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. అందరికీ ఒళ్ళు కాలిపోతూనే ఉంటుంది. చాలామందిది రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గిపోయే వైరస్ జ్వరం. వాళ్ళలో ఏ ఒక్కడికో రక్తంలోనో, మూత్రంలోనో, మెదడు పొరల్లోనో బాక్టీరియా చేరి ఉంటుంది. ఆ ఒక్కడు ఎవడు? పైకి అందరూ ఒకేలా ఉంటారు. వైద్యులు ఆ ఒక్కణ్ణి పట్టుకోవడం ఎలా నేర్చుకున్నారన్నది పెద్ద కథే. అందులో చాలా కాలం వేడిని కొలవడానికే పోయింది.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్‌లిక్ అనే వైద్యుడు పాతికవేల మంది రోగులకు థర్మామీటరు పెట్టి, పది లక్షలకు పైగా రీడింగులు పోగుచేసి 1868లో పుస్తకం వేశాడు. మామూలు ఒంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్ అన్న లెక్క ఆయన స్థిరపరిచిందే. ఆయన వాడిన థర్మామీటరు ఇంచుమించు అడుగు పొడవు. చంకలో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచాలి. అంతసేపు ఏ చంటివాడు కదలకుండా ఉంటాడు? దాదాపు అదే రోజుల్లో, 1866లో, ఇంగ్లండులోని లీడ్స్‌లో థామస్ క్లిఫర్డ్ ఆల్‌బట్ దాన్ని ఆరంగుళాలకు కుదించి, ఐదు నిమిషాల్లో లెక్క చెప్పేలా చేశాడు. మన ఇళ్ళల్లో బీరువాలో దాచుకున్న పాదరసం థర్మామీటరు దాని సంతతే.

అంకె చేతికొచ్చాక అందరికీ అదే ప్రాణమైంది. ఫారెన్‌హీటులో నూట రెండుంటే కంగారు, తొంభై తొమ్మిదుంటే నిశ్చింత. రోజుల బిడ్డల దగ్గర మాత్రం ఈ లెక్క పనికిరాదు. నెల నిండని పసిగుడ్డుకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకితే ఒళ్ళు వేడెక్కకపోగా చల్లబడిపోవచ్చు. "జ్వరమేం లేదండీ, చల్లగానే ఉన్నాడు, పాలే తాగట్లేదు" అని నిమ్మళంగా చెప్పే అమ్మమ్మ మాటకు నేను వార్డు చివరి నుంచి పరుగెత్తుకొచ్చేవాణ్ణి. జ్వరానికి లంఖణం పరమౌషధమన్న మాట పెద్దవాళ్ళకు ఎలా ఉన్నా, పాలు తాగే బిడ్డ విషయంలో ఎంతో చేటు చేసింది. పొట్ట మీద వాతలు పెట్టించి తెచ్చిన పిల్లల్నీ చూశాను. ఆ తల్లుల్ని తిట్టి లాభం లేదు. దగ్గర్లో ఉన్న వైద్యం అదొక్కటే.

1891లో జర్మనీలోని కీల్ నగర వైద్యుడు హైన్‌రిక్ క్విన్‌కే నడుం దగ్గర వెన్ను ఎముకల మధ్య సూది దించి నీరు తీసే పద్ధతి వెల్లడించాడు. మెదడు పొరల్లో చీముందో లేదో బతికున్న బిడ్డలోనే తెలుసుకునే దారి అది. మా దగ్గర దీన్ని "వెన్నులో నీళ్ళు తియ్యడం" అంటారు. తీస్తే కాళ్ళు పడిపోతాయన్న భయం ఎంత గట్టిదంటే, తల్లి ఒప్పుకున్నా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. నర్సు బిడ్డను పక్కకు తిప్పి, మోకాళ్ళు పొట్టకు, గడ్డం గుండెకు ఆనేలా ముడిచి పట్టుకోవాలి. పట్టు బిగిసి బిడ్డకు ఊపిరి ఆడకపోతే ప్రమాదం, వదులైతే సూది తప్పుతుంది. నన్నడిగితే ఈ పనిలో నేర్పు సూది పట్టినవాడిది కాదు, బిడ్డను పట్టుకున్న నర్సుది. సూది లోపలి పుల్ల లాగాక మొదటి చుక్క కోసం చూస్తాం. తేటగా మెరిస్తే ప్రాణం కుదుటపడుతుంది. బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చిందా, ఇక రిపోర్టు కోసం ఆగే పనిలేదు.

చీముందని తెలిసినా చాలాకాలం ఇవ్వడానికి మందు లేదు. పసివాళ్ళ మెదడు పొరల జబ్బు మెనింజైటిస్‌కు ముఖ్య కారణాల్లో ఒకటైన హిబ్ బాక్టీరియాను 1931లో మార్గరెట్ పిట్‌మన్ వేరుపరిచి చూపింది. 1939లో న్యూయార్క్‌లో హాటీ అలెగ్జాండర్ కుందేళ్ళ నుంచి తీసిన సీరంతో ఆ జబ్బున్న పిల్లల్ని బతికించింది. అంతకుముందు అది సోకితే బతకడం అరుదు. తర్వాత యాంటీబయాటిక్‌లు వచ్చాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లే సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ వాటిలో ఒకటైన ఆరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో అది లోకానికి తెలిసింది. సుబ్బారావు పోయింది కూడా ఆ ఏడాదే. ఆరియోమైసిన్ జాతి మందులు చిన్నపిల్లల పళ్ళకు పసుపు, గోధుమ రంగు పట్టిస్తాయని తర్వాత బయటపడి పిల్లలకు వాటిని ఇవ్వడం తగ్గించేశారు.

మందు దొరికాక ఇంకో తలనొప్పి. ఎవరికివ్వాలి? అమెరికాలో చాలాచోట్ల రెండు నెలల లోపు బిడ్డకు జ్వరమంటే చాలు, రక్తం, మూత్రం, వెన్నునీరు తీసి, ఆస్పత్రిలో పడుకోబెట్టి సూదిమందులు ఎక్కించేవారు. ఆస్పత్రిలో ఉండటం వల్లే పిల్లలకు జరుగుతున్న నష్టాన్ని 1983లో ఒక పరిశోధన లెక్కగట్టింది. 1985లో రోచెస్టర్ వైద్యులు ఇంకో వైపు నుంచి వచ్చారు. నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా పెరుగుతూ, చెవిలోనో చర్మం మీదో చీము జాడ లేకుండా, రక్తంలో తెల్లకణాలు 5 వేల నుంచి 15 వేల లోపు, మూత్రం శుభ్రంగా ఉన్న బిడ్డల్ని వేరు చేశారు. అలాంటి 144 మందిలో ఒక్కరికే తీవ్రమైన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ తేలింది. ఆ కొలతకు అందని 89 మందిలో 22 మందికి తేలింది. తర్వాత 1992లో బోస్టన్, 1993లో ఫిలడెల్ఫియా వైద్యులు తమ తమ కొలతలు ఇచ్చారు. ఎవరిని సూదితో పొడవనక్కర్లేదో తెలుసుకోవడానికే ఈ శ్రమంతా.

వీటన్నిటిలో నాకు ఇష్టమైంది 1982లో యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ మెకార్తీ బృందం తెచ్చిన పట్టిక. అందులో పరీక్ష లేదు, యంత్రం లేదు. ఏడుపు ఎలా ఉంది, అమ్మ ఎత్తుకుంటే ఊరుకుంటున్నాడా, లేపితే లేస్తున్నాడా, రంగు, నాలుక తడి, పలకరిస్తే నవ్వుతున్నాడా అన్న ఆరు సంగతులే. మన అమ్మలు "వాడి చూపు బాలేదండీ" అన్నప్పుడు చెప్పేది చాలావరకు ఇదే. మరీ పసిబిడ్డల్లో మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదని తర్వాత తేలింది. నెలబిడ్డ ఇంకా నవ్వడం కూడా నేర్చుకోడు మరి.

రోచెస్టర్ లాంటి కొలతలకు ల్యాబు కావాలి. మన జిల్లాల్లో అప్పట్లో రక్తం కల్చర్ చేసే ల్యాబు ఎక్కడుండేది? మాకు దారి చూపింది పాపువా న్యూగినీ. అక్కడ ఫ్రాంక్ షాన్ తదితరులు 1980ల్లో ఊపిరి లెక్కబెట్టి న్యుమోనియాను గుర్తించారు. ఇప్పుడు మన ఆశా కార్యకర్తలకూ తెలిసిన లెక్క అదే: నిమిషానికి రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40 చేరకూడదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పక్కన పెట్టుకుని, నిండు నిమిషం చూడాలి. డొక్కలెగరేస్తున్నాడా అన్నదీ అప్పుడే కనిపిస్తుంది.

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, మన తెలుగువాళ్ళూ ఉన్న నేల. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకు నేర్పారు: పాలు తాగడం తగ్గడం, ఏడుపు నీరసించడం, కాళ్ళూ చేతులూ వాలిపోవడం, ఒళ్ళు చల్లబడటం వంటి గుర్తుల్లో రెండు కలిసి కనబడితే జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వమని. మూడో ఏడాదికి ఆ ఊళ్ళలో నెలలోపు శిశు మరణాలు, పోల్చి చూసిన ఊళ్ళతో లెక్కిస్తే, 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ ప్రచురించింది. పెద్ద డాక్టర్లు చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

టీకాలు వచ్చాక సమస్య బరువే తగ్గింది. మన దేశంలో హిబ్ టీకా 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో సర్కారు ఉచితంగా మొదలుపెట్టింది. న్యుమోకోకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021 నాటికి దేశమంతా వచ్చింది. అంతకుముందు అవి డబ్బు పెట్టగలిగినవాళ్ళ పిల్లలకే.

2021లోనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కొత్త నియమాలు వేసింది. జ్వరమున్న బిడ్డల్ని 8 నుంచి 21 రోజులు, 22 నుంచి 28, 29 నుంచి 60 అని విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో పద్ధతి చెప్పింది. అందుకే తల్లిదండ్రులకు నా మనవి. రెండు నెలలు నిండని బిడ్డకు చంకలో 99.5 ఫారెన్‌హీట్ చేరినా, 95.9 కన్నా పడిపోయినా, జ్వరం లేకుండానే పాలు మానేసినా, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అన్నకు మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ తమ్ముడికి పొయ్యకండి. డాక్టరు వయసు అడిగితే "నెల కావస్తోంది" అనకండి, ఇరవై ఏడు రోజులో, ముప్పై రోజులో లెక్కపెట్టి చెప్పండి.