ఎగువ చెరువు తెగితే



ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీలో చాలామంది చూసే ఉంటారు. గోలకొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువది. ఊరి పేరులో నేటికీ నిలిచి ఉన్నది ఆయన పేరే. విస్తీర్ణం సుమారు 1,300 ఎకరాలు. ఇంత చెరువు నిండడానికి చుట్టూ ఉన్న గుట్టల మీద పడే వాన చాలదు. షాబాద్ మండలం చందన్‌వెల్లి దగ్గర ఈసీ వాగు నుండి బయలుదేరే ఫిరంగి నాలాను నిజాం కాలంలో తవ్వించినారు. అది శంషాబాద్ వైపుగా వచ్చి, దారిలో ఊరూరి చెరువును నింపుకుంటూ, మిగిలిన నీటిని ఇక్కడికి చేర్చేది. ఇటీవలి దశాబ్దాలలో ఆ నాలా చాలాచోట్ల పూడిపోయింది, కొన్నిచోట్ల ఆక్రమణల పాలైంది. ఎక్కడో ఎగువన ఒకరు కాలువ పూడిస్తే, ఇక్కడ దిగువన వంద మంది మడి ఎండుతుంది. ఈ సంగతి మీకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఈ రోజు మీతో ముచ్చటించదలచిన విషయం కూడా ఇటువంటిదే. భూమి వేడెక్కుతున్నది, వానలు గతి తప్పుతున్నవి, ఇకనైనా ఆలస్యం చేయక మేలుకోండి అని ప్రపంచమంతటా ప్రజలు ఒక ఆందోళన సాగిస్తున్నారు. "అయ్యా, పొగ వాళ్ల ఫ్యాక్టరీలది, ఊరేగింపులు పట్నం పిల్లలవి, నడుమ నాకేంటి పని?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రను మన మూసీ నుండే మొదలుపెడదాం.

1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. హైదరాబాదులో సుమారు 15,000 మంది ప్రాణాలు పోయినవని అంచనా. కారణం ఏమిటో విచారించి, మళ్లీ అటువంటిది రాకుండా ఉపాయం చెప్పడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినారు. ఆ నది పరీవాహకంలో 788 చెరువులు ఉండగా, 221 చెరువులు ఆ వానకు తెగినవని తేలింది. మనవి గొలుసుకట్టు చెరువులు గదా. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. పై చెరువు కట్టే తెగితే, ఆ నీరంతా ఒక్క పెట్టున కింది కట్ట మీద పడి దాన్నీ తెంపుతుంది. దిగువ ఊరి వారు తమ కట్టను ఎంత భద్రంగా చూసుకున్నా, ఎగువ ఊరి నిర్లక్ష్యం వారిని ముంచగలదు. ఆ విచారణ ఫలితంగా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినవి. మంచి పనే జరిగింది. అయితే పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. వరద రాకముందే ఆ పని చేసి ఉంటే? వాతావరణం గురించి ఆందోళన చేసేవారు లోకాన్ని అడిగే ప్రశ్న సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఆకాశం సంగతి చూద్దాం. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. దీనినే కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. ఎండ వేడి భూమిని తాకి తిరిగి పైకి పోయేటప్పుడు ఈ వాయువు దానిలో కొంత పట్టి ఉంచుతుంది. చలికాలంలో కప్పుకున్న గొంగడి ఒంటి వేడిని పోనీయనట్లే ఇది. గొంగడి ఉండవలసిందే, లేకుంటే భూమి మంచుగడ్డ అయ్యేది. కానీ గొంగడి మీద గొంగడి కప్పుతూ పోతే? ఈ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కునో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్హీనియస్ 1896లోనే లెక్క కట్టినాడు. 1958లో చార్లెస్ కీలింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద రోజూ గాలిని కొలవడం మొదలుపెట్టినాడు. అప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 315 పాళ్లు ఉండేది. నేడు 420 దాటింది. వడ్డీ లెక్క తెలిసిన వారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. అసలు తీర్చకుండా ఏటేటా కొత్త అప్పు కలుపుతున్నాం.

శాస్త్రజ్ఞుల లెక్క ప్రజల మాటగా మారడానికి చాలా కాలం పట్టింది. 1972 జూన్‌లో స్టాక్‌హోంలో పర్యావరణం మీద ఐక్యరాజ్య సమితి సభ జరిగినప్పుడు ఇందిరాగాంధీ వెళ్లి, పేదరికం సంగతి మరచి పర్యావరణాన్ని చూడలేమని లోకానికి గుర్తు చేసినారు. 1988లో వాతావరణ మార్పును పరిశీలించే అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం ఏర్పడింది. 1992లో బ్రెజిల్‌లోని రియో నగరంలో దేశాలన్నీ కూడి ఒక ఒడంబడిక రాసుకున్నవి.

ఈ నడుమ రైతులకు నేరుగా సంబంధించిన ఒక తగవు జరిగింది. అది తప్పక వినదగినది. నీరు నిలిచిన వరిమడిలోను, పశువుల కడుపులోను మీథేను అనే వాయువు పుడుతుంది. అది కూడా వేడిని పట్టి ఉంచేదే. 1990 ప్రాంతంలో పడమటి దేశపు సంస్థలు కొన్ని లెక్కలు వేసి, వేడికి కారణమైన దేశాల జాబితాలో మన దేశాన్ని పై వరసలో చేర్చినవి. మన వరి, మన పశువులు నేరస్థులైనవి! అప్పుడు ఢిల్లీలోని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో ఒక పుస్తకం రాసి గట్టిగా ఎదురు చెప్పినారు. కడుపు నింపుకోవడానికి వరి పండించేవాని వాయువును, విలాసానికి కారు నడిపేవాని వాయువును ఒకే కాటాలో తూచడం న్యాయమా అని వారు అడిగినారు. అదే కాలంలో ఎ.పి. మిత్రాగారి ఆధ్వర్యాన మన శాస్త్రజ్ఞులు దేశంలో పలుచోట్ల పొలాలలోకి దిగి మీథేనును కొలిచినారు. బయటివారు ఏడాదికి దాదాపు 3 కోట్ల 80 లక్షల టన్నులని అంచనా కట్టగా, కొలతలో తేలింది సుమారు 40 లక్షల టన్నులే. అంటే దాదాపు పదో వంతు! మన పొలాన్ని మనమే కొలుచుకోకపోతే, పరాయివాడు కొలిచి మన మీద పద్దు రాస్తాడు. ఈ పాఠం మరువవద్దు.

ఇక్కడి నుండి ఆందోళనలో "న్యాయం" అనే మాట గట్టిపడింది. 2002లో వాతావరణ ఒడంబడిక దేశాల సభ ఢిల్లీలోనే జరిగినప్పుడు, వీధిలో రైతులు, మత్స్యకారులు, అడవి బిడ్డలు ఊరేగింపు తీసి వాతావరణ న్యాయం కావాలని ప్రకటించినారు. పసిఫిక్ సముద్రంలో చిన్న చిన్న దీవులున్నవి. సముద్రం పొంగితే మునిగేది వారే. భూమి వేడి ఒకటిన్నర డిగ్రీలు మించితే తాము బతకమని 2009లో కోపెన్‌హేగన్ సభలో వారు కేక వేసినారు. అప్పుడు పెద్ద దేశాలు పెడచెవిని పెట్టినవి. కానీ 2015లో పారిస్ ఒప్పందం రాసినప్పుడు ఆ ఒకటిన్నర డిగ్రీల మాట కాగితం మీదికి ఎక్కింది. 2018 ఆగస్టులో స్వీడన్‌లో గ్రెటా థున్‌బర్గ్ అనే 15 ఏండ్ల బాలిక బడి మానుకుని పార్లమెంటు ముందు ఒంటరిగా కూర్చున్నది. ఏడాది తిరిగేసరికి, 2019 సెప్టెంబరులో, లోకమంతటా లక్షల మంది పిల్లలు వీధిలోకి వచ్చినారు. మన హైదరాబాదు విద్యార్థులు కూడా వారిలో ఉన్నారు.

అదే 2019లో వనువాటు దీవిలో న్యాయశాస్త్రం చదివే 27 మంది విద్యార్థులు, ఈ తగవును అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకుపోవాలని పూనుకున్నారు. ఎవరు వింటారని అందరూ అనుకున్నారు. వారి ప్రభుత్వం విన్నది. 2023 మార్చిలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ విన్నది. 2025 జూలై 23న ఆ న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని హాని నుండి కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని, తప్పిన దేశం పరిహారానికి బాధ్యత వహించవలసి రావచ్చునని దాని సారాంశం. దిగువ ఊరి వారు పంచాయతీకెక్కితే ఎగువ ఊరు జవాబు చెప్పవలసి వచ్చినట్లే గదా ఇది!

మన తెలుగు నేల మాత్రం వెనుక ఉన్నదా? లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నవి. ఎక్కువ మంది దళిత స్త్రీలు, ఎకరా రెండెకరాల చెల్క గలవారు. నీళ్లు అడగని జొన్న, కొర్ర, సామ, కంది, అనుము కలిపి వేస్తారు. ఒక పంట పోతే ఇంకొకటి నిలుస్తుంది. విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. ఏటా సంక్రాంతి నుండి ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు పేర్చి, ఊరూర పాత పంటల జాతర జరుపుతారు. 2008 అక్టోబరులో వారు సొంత సంఘం రేడియో పెట్టుకున్నారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సేద్యానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఊరేగింపు తీయకపోయినా ఇవీ ఆందోళనలే. నాగలి పట్టి చేసినవి.

మరి ఆందోళన గెలిచిందా అంటే, గెలిచిందని చెప్పడం అబద్ధమవుతుంది. ఒప్పందాలు వచ్చినవి, వాయువు మాత్రం తగ్గలేదు. 2024 సంవత్సరం కొలతలు మొదలైన తరువాత అన్నిటికంటె వేడి యేడుగా లెక్కకెక్కింది. ఆ ఒక్క యేటి సగటు, ఫ్యాక్టరీలు రాకముందు కాలం కంటే ఒకటిన్నర డిగ్రీలు దాటింది. మన వంతు ఎంత అంటే, మన దేశంలో తలకు ఏడాదికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు పోతుండగా, అమెరికాలో తలకు దాదాపు 14 టన్నులు పోతున్నది.

ఫలితం మన నెత్తిన పడనే పడుతున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. మోసిన తేమ ఎక్కడో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ ప్రాంతాన ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి వాన కొట్టింది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో సుమారు 65 సెంటీమీటర్లు పడింది. మన ఇబ్రహీంపట్నం వైపు ఏడాది పొడవునా పడే వానకు అది కొంచెమే తక్కువ. ఒకనాడు ఇట్లా పడి, ఆపైన నెల రోజులు మబ్బు మొహం చూపకపోతే, ఎర్రచెల్కలో వేసిన పంట గతి ఏమిటి?

అందుకే ఈ పని రెండు చేతులతో చేయవలసింది. ఒక చెయ్యి ఎగువవాణ్ణి నిలదీయడానికి. రెండో చెయ్యి మన కట్ట గట్టి చేసుకోవడానికి. ఒక చేతి పని రెండో చేతికి బదులు కాదు.

మన కట్ట సంగతి చూస్తే, మొదటిది కాలువ. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ తలపెట్టింది. పూడిక తీసినా, నీరు వచ్చే దారి మూసుకుపోతే చెరువు ఖాళీ గిన్నెయే. మీ ఊరి వాగు, కాలువ, శిఖం హద్దులు గ్రామసభలో చదివించండి. ఆక్రమణ కనబడితే ఊరంతా కలిసి వ్రాతమూలంగా అర్జీ పెట్టండి.

రెండవది పొలం. పెద్ద వానను పట్టుకుని, వాన లేని రోజులలో ఒకటి రెండు తడులు ఇవ్వడానికి నీటి కుంట మేలు. ఈ మెట్ట సేద్యపు పద్ధతులను మనకు పొరుగునే ఉన్న గున్‌గల్, హయత్‌నగర్ క్షేత్రాలలో క్రీడా సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు. మారే వాతావరణానికి తట్టుకునే సేద్యం కోసం 2011లో మొదలైన నిక్రా పథకాన్ని నడిపించేది కూడా ఆ సంస్థే. పోయి చూడండి, అడగండి. బాయి కింద వరి వేసేవారు మడిలో ఎప్పుడూ నీరు నిలపక, ఆరబెట్టి తడి పెట్టే పద్ధతి పాటిస్తే నీరు మిగులుతుంది, మీథేనూ తగ్గుతుంది. పూత దశలో మాత్రం మడి ఆరనీయరాదు. చెల్కలో కంది, జొన్న కలిపి వేసే పాత వాడుకను మరువకండి.

మూడవది లెక్క. విస్తరణ కార్యకర్తలకు ఇది నా ప్రత్యేక మనవి. ప్రతి రైతు వేదికలో వాన ఏ రోజు ఎంత పడింది, విత్తనం ఎన్నడు వేసినారు, పంట ఏ వాడుపుకు పోయింది, బాయిలో నీరు ఎన్ని గజాల లోతున ఉన్నది, ఒక పుస్తకంలో రాసి ఉంచండి. హవాయి కొండ మీద కీలింగ్ చేసింది ఇంతకంటే వేరు కాదు. రోజూ కొలిచినాడు, రోజూ రాసినాడు. రేపు నష్టపరిహారం అడగవలసి వచ్చిననాడు ఆ పుస్తకమే మీ సాక్షి.

సోదరులారా! 1908లో ఎగువ చెరువు తెగేదాకా దిగువ నగరానికి తెలివి రాలేదు. ఈసారి కట్ట బీటలు వారిన సంగతి ముందే తెలిసింది, తెలిసి వంద యేండ్లు దాటింది. కట్ట మీద నిలబడి కేక వేసేవారు వేస్తూనే ఉన్నారు. ఆ కేకలో మన గొంతు కూడా కలవాలి, మన చేతిలో పార కూడా ఉండాలి.