మినీ ట్రాక్టర్ కొంటున్నారా? బేరానికి ముందు ఇవి చూసుకోండి

మీరు హైదరాబాద్‌లో ఉంటూ, ఆత్రేయపురంలో కొబ్బరి, అరటి తోట చూసుకునే నాన్నగారికి మినీ ట్రాక్టర్ కొనిద్దామనుకుంటున్నారా? షోరూం చెప్పే ధరకూ, చివరికి మీరు కట్టే సొమ్ముకూ చాలా తేడా ఉంటుంది.

ఏది సరిపోతుంది?
ముందు తోటలో వరుసల మధ్య ఖాళీని టేపుతో కొలవండి. బండి వెడల్పు అంతకంటే తక్కువుండాలి. స్వరాజ్ 717 బండి 15 హెచ్‌పీ. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441 రెండూ 24 హెచ్‌పీ. రోటావేటర్‌ను తిప్పేది పీటీఓ హెచ్‌పీ. ఇది ఇంజిన్ హెచ్‌పీ కంటే తక్కువ. అందుకే ఆ అంకె అడగండి. డెమో మీ తోటలోనే చూడండి.

జీఎస్టీ ఎంత?
2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా ధర రూ.5 లక్షలైతే రూ.35 వేలు మిగలాలి. బిల్లులో సరిచూసుకోండి.

సబ్సిడీ ఉందా?
అడ్వాన్స్ ఇవ్వకముందే ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. అనుమతి రాకుండా కొంటే సబ్సిడీ చేజారే ప్రమాదం ఉంది.

బేరం ఎలా?
* రాజమహేంద్రవరం వైపు కనీసం ఇద్దరు డీలర్ల నుంచి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి.
* బండి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, రోటావేటర్ ధరలు విడివిడిగా రాయించండి.
* ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు.
* పాత బండి ఎక్స్ఛేంజ్ మాట, కొత్తదాని ధర తేలాకే ఎత్తండి.
* తయారీ నెల చూడండి. పాత స్టాక్ అయితే తగ్గింపు అడగండి.
* లోన్ తీసుకుంటే కిస్తీ ఎంతని కాకుండా, చివరికి మొత్తం ఎంత కట్టాలో అడగండి.