పేరు చెప్పకుండా ప్రశ్న అడగొచ్చు: పెద్ద క్లాసుల్లో అజ్ఞాత డిజిటల్ సాధనాలు

సికింద్రాబాద్ పద్మారావు నగర్ పక్కనే ఉన్న గాంధీ మెడికల్ కాలేజీ 1954లో మొదలైంది. 2003లో బషీర్‌బాగ్ నుంచి ఇక్కడికి మారింది. ఇప్పుడు ఎంబీబీఎస్‌లో ఏటా 250 సీట్లు. అంత పెద్ద బ్యాచ్ కూర్చునే ఏ హాల్లోనైనా "డౌట్స్ ఉన్నాయా?" అని అడిగితే కొన్ని చేతులే లేస్తాయి. అవీ ఎక్కువగా ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవాళ్లవే.

చేయి ఎత్తనివాళ్లకు సందేహాలు లేవని కాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన దళిత విద్యార్థి ఒక్క మాట తప్పు పలికితే, దాన్ని రిజర్వేషన్ సీటు ఖాతాలో వేసేవాళ్లు ఉంటారు. పక్కవాడు చేసిన అదే తప్పు ఉత్త తప్పుగానే మిగులుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌పై థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, మాట్లాడిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో 69 శాతం మంది టీచర్ల నుంచి తగిన తోడ్పాటు అందడం లేదన్నారు.

ఎలా పనిచేస్తాయి?

స్లైడో, మెంటీమీటర్ లాంటి వాటిలో టీచర్ తెర మీద క్యూఆర్ కోడ్ చూపిస్తారు. విద్యార్థి ఫోన్లో దాన్ని తెరిచి, పేరు ఇవ్వకుండానే జవాబు గానీ ప్రశ్న గానీ పంపొచ్చు. క్లాసులో సగం మంది ఒకే చోట తప్పారని తెర మీద కనబడితే, ఆ తప్పు ఒక్కరి కులానికి అంటదు. పాఠం మళ్లీ చెప్పాల్సిన బాధ్యత టీచర్ మీద పడుతుంది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990లలో అమలుచేసిన పద్ధతిలో విద్యార్థి ముందు ఒంటరిగా జవాబిస్తాడు. తర్వాత పక్కవాళ్లతో చర్చించి మళ్లీ జవాబిస్తాడు.

జాగ్రత్తలు

- వాట్సాప్ గ్రూపు పోల్‌లో మామూలుగా ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో కనబడుతుంది. టెలిగ్రామ్‌లో అజ్ఞాత పోల్ పెట్టొచ్చు.
- గూగుల్ ఫామ్‌లో ఈమెయిల్ సేకరణ ఆపేయాలి. రోల్ నంబర్, ర్యాంకు, కేటగిరీ అడగకూడదు.
- తెలుగులో రాసే స్వేచ్ఛ ఇవ్వాలి.
- పేరు లేదన్న ధైర్యంతో కులదూషణకు దిగేవాళ్లూ ఉంటారు. ప్రశ్నను ముందు టీచర్ చూసి తెర మీదికి పంపే ఏర్పాటు స్లైడోలో ఉంది.
- ఉచిత ప్లాన్లలో ఎంతమంది చేరొచ్చన్న దానికి పరిమితి ఉంటుంది. అది చాలకపోయినా, కొందరికి ఫోన్ లేకపోయినా, కాగితం చీటీలు, ఒక డబ్బా చాలు.

దీని హద్దు

వివక్ష మీద ఫిర్యాదుకు ఈ సాధనాలు ప్రత్యామ్నాయం కావు. 2012 నాటి యూజీసీ నిబంధనలు ఉన్నత విద్యాసంస్థల్లో సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. ఆ అధికారి ఎవరో, ఎక్కడ ఉంటారో విద్యార్థికి తెలియాలి.

పేరు లేకుండా వచ్చిన ప్రశ్నకు టీచర్ మర్నాడు క్లాసులో మర్యాదగా జవాబు చెబితేనే ఈ సాధనానికి విలువ. ఏడాది తిరిగేసరికి వెనక బెంచీల నుంచి, సొంత పేరుతో లేచే చేతులు పెరిగాయా అన్నదే దానికి కొలమానం.