జాబ్‌వర్కు

జాబ్‌వర్కు అనగా ఒక వ్యాపారి తన ముడిపదార్థాన్ని గాని, సగం తయారైన సరుకును గాని వేరొకరికి అప్పగించి, దానిపై ఒక నిర్ణీతమైన పనిని కూలి పద్ధతిన చేయించుకొని తిరిగి తీసుకొనే విధానము. సరుకు ఇచ్చేవారిని యజమాని (ప్రిన్సిపల్) అనీ, పని చేసేవారిని జాబ్‌వర్కరు అనీ వ్యవహరిస్తారు. వాడుకలో దీనిని "పని బయటికి ఇవ్వడం" అంటారు. ఇందులో సరుకు చేతులు మారుతుంది గాని దానిపై హక్కు మారదు. కొనుగోలుకూ జాబ్‌వర్కుకూ ముఖ్యమైన భేదం ఇదే. సరుకుతో పాటు బాధ్యత కూడా యజమాని వద్దనే ఉండిపోతుంది. చిన్న పరిశ్రమలు నష్టపోయేది ఎక్కువగా ఈ రెండవ విషయాన్ని మరచినప్పుడే.

తెలుగునాట జాబ్‌వర్కు

పేరు ఆంగ్లమే అయినా పద్ధతి పాతది. చేనేతలో మాస్టర్ వీవర్ నూలు, పట్టు, నమూనా ఇచ్చి, నేతగాని ఇంటి మగ్గంపై చీర నేయించి మజూరీ చెల్లిస్తాడు. సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమలో ఇది మూడంచెలుగా కనిపిస్తుంది. వస్త్ర యజమాని నూలు ఇస్తాడు, మగ్గాలు గల ఆసామి దానిని కూలికి నేయించి ఇస్తాడు, మగ్గం నడిపే కార్మికుడు ఆసామి వద్ద పని చేస్తాడు.

హైదరాబాదులోని బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడలలో లేతు, మిల్లింగు, గ్రైండింగు, హీట్ ట్రీట్‌మెంటు, ప్లేటింగు పనులు చేసే చిన్న షెడ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒకే విడిభాగం పూర్తయ్యే లోపల నాలుగైదు షెడ్లు తిరిగి రావచ్చును. పనిముట్ల రూపకల్పనలో శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కూడా 1968 నుండి బాలానగర్‌లోనే ఉన్నది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడానికి వడ్రంగి, వెల్డింగు, రంగులు, సీట్ల పనులు వేర్వేరు చేతుల మీదుగా జరుగుతాయి.

ఏ పనిని బయటికి ఇవ్వాలి

నెలలో నాలుగు రోజులే అవసరపడే యంత్రాన్ని అప్పు చేసి కొనడం కంటె ఆ పనిని బయట చేయించడం లాభదాయకం. ప్లేటింగు వంటి రసాయనిక పనులకు కాలుష్య నియంత్రణ అనుమతులు, వ్యర్థజలాల శుద్ధి అవసరము కనుక చిన్న యూనిట్లు వాటిని సొంతంగా పెట్టుకోవు. ఆఖరి తనిఖీ, కొనుగోలుదారుతో మాట్లాడటం, ధర నిర్ణయించడం అనేవి మాత్రం యజమాని తన వద్దనే ఉంచుకోవలసిన పనులు. అచ్చు (డై) యజమానిదైతే దానిపై పేరు, సంఖ్య చెక్కించి, ఎవరి వద్ద ఉన్నదో రాసి పెట్టుకోవడం మంచిది. సంవత్సరాల తరబడి ఒకే షెడ్డులో ఉండిపోయిన అచ్చు ఎవరిదన్నది తరువాత తగవుగా మారుతుంది.

పని వివరాల అప్పగింత

యజమాని ఒక్కనికే తెలిసిన విషయాలు కొన్ని ఉంటాయి. ఆ విడిభాగం చివరకు ఎక్కడ అమరుతుందో లేతు మీద పని చేసేవానికి తెలియదు, పూత పూసేవానికీ తెలియదు. దీనికి మర బోల్టు మంచి ఉదాహరణ. సాధారణమైన 60 డిగ్రీల కోణపు మరపై పూత పూసినపుడు, మర సగటు వ్యాసం (పిచ్ వ్యాసం) పూత మందానికి నాలుగు రెట్లు పెరుగుతుంది. 8 మైక్రాన్ల జింకు పూత వేస్తే వ్యాసం 32 మైక్రాన్లు హెచ్చుతుంది. లేతు షెడ్డువారు డ్రాయింగులోని కొలతకు సరిగ్గా మర తీస్తారు, ప్లేటింగు షెడ్డువారు చెప్పిన మందమే పూస్తారు, అయినా నట్టు ఎక్కదు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. ఇచ్చిన కొలత పూతకు ముందుదా తరువాతదా అని డ్రాయింగుపై రాయకపోవడమే తప్పు, అది యజమానిది.

అందుచేత అనుభవజ్ఞులు నోటిమాటతో సరిపెట్టరు. కొలతలు, అనుమతించే తేడా (టాలరెన్స్), ముందు జరిగిన పని, తరువాత జరగబోయే పని డ్రాయింగుపైననే రాసి ఇస్తారు. మొదటి నగ్ తయారు కాగానే కొలిచి చూసి, సరేనన్న తరువాతనే మిగిలినవి చేయిస్తారు. వీలైతే తనిఖీకి వాడే గేజినే జాబ్‌వర్కరుకు కూడా ఇస్తారు. ఇద్దరూ వేర్వేరు పరికరాలతో కొలిచి వాదులాడుకొనే బాధ దానితో తప్పుతుంది. ఇనుము, ఇత్తడి వంటివి పంపినప్పుడు తూకం వేసి, తిరిగి వచ్చిన సరుకునూ తుక్కునూ కలిపి మరల తూచడం ఆనవాయితీ. తుక్కు ఎవరికి చెందుతుందో మొదటే చెప్పుకోకపోతే కూలి రేటు ఎంత తక్కువైనా అది నిజమైన రేటు కాదు.

పన్ను చట్టం

ఎక్సైజు సుంకం కాలంలో జాబ్‌వర్కుకు మినహాయింపులు 1986 నాటి 214/86 నోటిఫికేషను ద్వారా లభించేవి. 2017 జులై 1 నుండి వస్తు సేవల పన్ను (జీఎస్‌టీ) అమలులోకి వచ్చాక, కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం 143వ సెక్షను వర్తిస్తున్నది. దీని ప్రకారం రిజిస్టరైన యజమాని పన్ను చెల్లించకుండానే డెలివరీ చలానుపై సరుకు పంపవచ్చును. అయితే ముడిసరుకు ఒక సంవత్సరంలోను, యంత్రాల వంటివి మూడు సంవత్సరాలలోను తిరిగి రావాలి, లేదా అక్కడి నుండే నిబంధనల ప్రకారం అమ్ముడుపోవాలి. అచ్చులు, జిగ్గులు, ఫిక్స్చర్లు, పనిముట్లకు ఈ గడువు లేదు. గడువు దాటితే సరుకు పంపిన రోజుననే అమ్మినట్లుగా భావించి పన్ను విధిస్తారు కనుక, వడ్డీ కూడా ఆ రోజు నుండే పడుతుంది. లెక్కలు చూపవలసిన బాధ్యత యజమానిదే. పంపిన, వచ్చిన సరుకు వివరాలను ఐటీసీ-04 పత్రంలో తెలపాలి. 2021 అక్టోబరు 1 నుండి వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటినవారు ఆరు నెలలకొకసారి, ఇతరులు సంవత్సరానికొకసారి దీనిని దాఖలు చేయాలి.

కూలి చెల్లింపు

జాబ్‌వర్కరు చాలావరకు యజమాని కంటె చిన్నవాడు. కూలి ఆలస్యమైతే అతని షెడ్డులోని పనివారికి వారం జీతం అందదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, రిజిస్టరైన సూక్ష్మ, చిన్న సంస్థకు ఒప్పుకున్న గడువులోగా చెల్లించాలి. ఒప్పందంలో ఏమి రాసుకున్నా ఆ గడువు 45 రోజులకు మించరాదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలుస్తూ చక్రవడ్డీ పడుతుంది. ఈ వడ్డీ కోరి ఫిర్యాదు చేస్తే తరువాత పని దొరకదన్న భయంతో చాలామంది ఊరుకుంటారు. 2023 ఆర్థిక చట్టం మరొక మార్గం పట్టింది. అట్టి బకాయిని గడువులోగా కట్టకపోతే, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే దానిని ఖర్చుగా చూపుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన చేర్చింది. ఇది 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షను ప్రకారం, సరుకుపై శ్రమ గాని నైపుణ్యం గాని వెచ్చించినవాడు, వేరే ఒప్పందం లేనప్పుడు, తన కూలి ముట్టేవరకు ఆ సరుకును తన వద్దనే ఆపుకోవచ్చును. చట్టంలోనే దీనికి దర్జీ ఉదాహరణ ఇచ్చారు. కోటు కుట్టిన దర్జీ డబ్బు ఇచ్చేవరకు కోటు ఇవ్వనక్కరలేదు, కాని మూడు నెలల అరువుకు ఒప్పుకొని ఉంటే ఆ హక్కు ఉండదు.