గోదావరి పల్లెల దీర్ఘకాలిక వ్యాధుల అధ్యయనాలు

ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో 2003 నుంచి దాదాపు పదిహేనేళ్లపాటు సాగిన పరిశోధనల వరుస ఇది. గుండెజబ్బు, పక్షవాతం, బీపీ, షుగర్ ఊళ్లలో ఏ మేరకు ఉన్నాయి, డాక్టరు కాని ఆరోగ్య కార్యకర్తల చేతుల మీదుగా వాటిని అదుపులో పెట్టవచ్చా అన్నవి దీని ప్రధాన ప్రశ్నలు. జిల్లాల పేర్లన్నీ 2022 పునర్విభజనకు ముందు నాటివి.

తొలి దశకు ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని పేరు. బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్, ఢిల్లీలోని సెంటర్ ఫర్ క్రానిక్ డిసీజ్ కంట్రోల్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి దీన్ని చేపట్టాయి. బైర్రాజు ఫౌండేషన్‌కు అప్పటికే ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు ఉండడంతో పని ఇంటింటికీ చేరింది. పరిశోధకుల్లో రోహిణా జోషి, బ్రూస్ నీల్, కె. శ్రీనాథ్ రెడ్డి ముఖ్యులు.

బాగా పేరొచ్చింది మరణ కారణాల అధ్యయనానికి. దీన్ని 2006 నాటిదని రాసేవారు ప్రచురణ సంవత్సరాన్ని చెబుతున్నారు. మరణాల నమోదు 2003-04లో జరిగింది. 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో ఏడాదిలో 1,354 మరణాలు నమోదయ్యాయి. పల్లెల్లో చావులు ఎక్కువగా ఇళ్లలోనే జరుగుతాయి. కారణం రాసిన కాగితం ఉండదు. అందుకే వెర్బల్ అటాప్సీ పద్ధతి ఎంచుకున్నారు. శిక్షణ పొందిన కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి భార్యనో కొడుకునో కూర్చోబెట్టి అడుగుతారు: ఛాతీ నొప్పి వచ్చిందా, ఎంతసేపు ఉంది, ఆయాసం ఉండేదా, కాలూ చెయ్యీ పడిపోయాయా, బీపీ బిళ్లలు వాడేవారా? ఆ జవాబులు చదివి వైద్యుడు కారణాన్ని నిర్ణయిస్తాడు. మొత్తం మరణాల్లో దాదాపు 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది. గాయాలు, ప్రమాదాల వాటా 13 శాతం, అంటువ్యాధుల వాటా 12 శాతం వరకు ఉన్నాయి. గుండెపోటు పట్నవాసుల జబ్బన్న నమ్మకం ఈ ప్రాంతం వరకు నిలవలేదు.

దీనిపై రెండు అభ్యంతరాలున్నాయి. ఇంటివారి జ్ఞాపకం మీద ఆధారపడడం వల్ల హఠాన్మరణాలన్నీ గుండె ఖాతాలో పడి ఉండవచ్చన్నది ఒకటి. కాలువల కింద వరి పండే డెల్టా ఊళ్లను రాయలసీమకో ఉత్తరాంధ్ర మన్యానికో ప్రమాణంగా తీసుకోలేమన్నది రెండోది. మొదటిది అంకెను కొంత తగ్గించవచ్చేమో గానీ, వరుసక్రమాన్ని తారుమారు చేసేంత బలమైనదిగా కనిపించదు. రెండోది గట్టి అభ్యంతరం. రాష్ట్రం మొత్తానికి ఈ శాతాలను వాడేవారు దాన్ని గుర్తుంచుకోవాలి.

అదే కాలంలో 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించగా సుమారు 13 శాతం మందికి షుగర్ ఉంది. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. ఒకసారి గుండెజబ్బు బయటపడ్డవారిలోనూ ఆస్పిరిన్ లాంటి చవక బిళ్లను క్రమంగా వాడేవారు కొద్దిమందేనని తర్వాతి సర్వే చెప్పింది.

రెండో దశ చికిత్సకు సంబంధించినది. 44 గ్రామాల్లో జరిగిన ర్యాప్‌క్యాప్స్ ప్రయోగ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఇందులో రెండు మార్గాలను పరీక్షించారు. ఒకటి, కార్యకర్తలకు తేలికైన చికిత్సా సూత్రావళిని నేర్పి ముప్పున్నవారిని గుర్తింపజేయడం; రెండు, పోస్టర్లు, వీధినాటకాలతో ప్రచారం. మొదటి మార్గంలో గుర్తింపు మెరుగైంది, మందుల వాడకంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ప్రచారంతో జనం అవగాహన పెరిగిన దాఖలా కనిపించలేదు.

మూడోది స్మార్ట్‌హెల్త్ ఇండియా. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీలు, 54 గ్రామాలు. ఆశా కార్యకర్త ట్యాబ్ పట్టుకుని నలభై దాటినవారి ఇంటికి వెళ్లి వయసు, పొగతాగే అలవాటు నమోదు చేసి బీపీ, షుగర్ చూస్తుంది. ముప్పు ఎక్కువని యాప్ చెబితే పీహెచ్‌సీకి పంపుతుంది, తర్వాత మళ్లీ వచ్చి కనుక్కుంటుంది. దేవరశెట్టి ప్రవీణ్, డేవిడ్ పైరిస్ తదితరుల బృందం 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో ప్రయోగ దశకూ మామూలు వైద్య దశకూ తేడా తేలలేదు. దీన్ని ఆశాల వైఫల్యంగా చదవడం సరికాదు. పరీక్షలూ, మళ్లీ వెళ్లి చూడడమూ వారు చేయగలరని ఈ ప్రయోగమే చూపింది. డాక్టరు ఖాళీలు, మందుల కొరత ఉన్నచోట యాప్ ఒక్కటే చాలదన్న వివరణ ఎక్కువ సబబుగా ఉంది.

ఇవే జబ్బులపై ప్రభుత్వ పథకాలూ వచ్చాయి. 2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. ఒకే రకం చికిత్సా క్రమం, మందుల నిరంతర సరఫరా, రోగివారీ నమోదు ఆ కార్యక్రమానికి ఆధారాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం పీహెచ్‌సీ డాక్టరునే ఊరికి పంపింది. గోదావరి అధ్యయనాలను చదివినంతలో తేలేది, పల్లెలో జబ్బును కనిపెట్టడం కన్నా నెలనెలా బిళ్ల అందించడమే కష్టమని. కొత్త పథకాలను ఆ ఒక్క లెక్కతోనే తూచాలి.