పద్దులో లేని అప్పు



మొన్న క్లాసు అయిపోయాక డిగ్రీ ఫైనలియర్ పిల్లాడొకడు స్టాఫ్ రూమ్ దాకా వచ్చి అడిగాడు: "సార్, కట్టడాలకి వేల కోట్లు అప్పు పుడుతుంది గదా, మా స్కాలర్‌షిప్‌కి ఎందుకు పుట్టదు?" నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ని. అయినా వాడికి జవాబు బాకీ పడ్డాను.

ఈ ప్రశ్న చుట్టూ మొదట తిరిగినవాడు మన బాబాసాహెబే. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా పెరిగిందో చెప్పే ఆయన పుస్తకం 1925లో లండన్‌లో అచ్చయింది. 1833 చార్టర్ చట్టంతో ఖజానా అంతా కేంద్రం చేతిలోకి పోయింది. ఖర్చు పెట్టేది ప్రెసిడెన్సీలు, డబ్బు సమకూర్చే బాధ్యత మాత్రం వాటిది కాదు. ఆ చరిత్రలో నాకు కనబడే పాఠం ఒకటే: ఖర్చు పెట్టే చెయ్యి, జవాబు చెప్పే నోరు వేరైతే దుబారా తప్పదు. 1949లో రాజ్యాంగ సభలో కాగ్ గురించి మాట్లాడుతూ, రాజ్యాంగంలో బహుశా అతి ముఖ్యమైన అధికారి ఆయనేనని అంబేద్కర్ అన్నది ఊరికే కాదు.

రాజ్యాంగం ఏం చెప్పింది? 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం చేసే అప్పుకీ, ఇచ్చే పూచీకత్తుకీ శాసనసభ చట్టం చేసి హద్దు పెట్టొచ్చు. 151 ప్రకారం కాగ్ నివేదిక సభ ముందుకు రావాలి. ఇంకో సంగతి చూడండి. రాష్ట్రం తన అప్పు మీద కట్టే వడ్డీ 'ఛార్జ్‌డ్' ఖర్చు. సభలో చర్చించొచ్చు గానీ దానిమీద ఓటు ఉండదు. మన స్కాలర్‌షిప్ మాత్రం ఓటు పడాల్సిన పద్దు. ఓటు పడ్డాక కూడా బిల్లు ట్రెజరీలో ఆగొచ్చు. వడ్డీకి ఆ గతి పట్టదు.

ఇక పద్దుల బయట జరిగేది. 2018 ఆగస్టులో సీఆర్‌డీఏ అమరావతి బాండ్లతో 2,000 కోట్లు సేకరించింది. వడ్డీ 10.32 శాతం. అప్పు సంస్థది, పూచీ రాష్ట్రానిది. బొంబాయి స్టాక్ ఎక్స్చేంజ్‌లో గంట మోగించారు. అదే రాజధాని ల్యాండ్ పూలింగ్‌లో పట్టా రైతుకి ఒక లెక్క, దళితుల చేతుల్లో ఉన్న అసైన్డ్ భూమికి తక్కువ లెక్క కట్టారు. బాండు కొన్నవాడికి పూచీ దొరికింది. అసైన్డ్ రైతుకి ఎవరు పూచీ?

తెలంగాణలో కాళేశ్వరం కార్పొరేషన్ పేరుతో బడ్జెట్ బయట అప్పులు తెచ్చారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. కాగ్ నివేదిక సభ ముందుకొచ్చింది 2024 ఫిబ్రవరిలో. ప్రాజెక్టు ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటొచ్చనీ, పెట్టే రూపాయికి వచ్చే లాభం 52 పైసలేననీ తేల్చింది. అప్పటికి డబ్బూ పోయింది, కాంక్రీటూ పోసేశారు. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ విచారించేది ఇలాంటి నివేదికలనే, అంటే అంతా అయిపోయాకే. బడ్జెట్ నుంచి తీర్చే కార్పొరేషన్ అప్పుల్ని రాష్ట్రం అప్పుగానే లెక్కగడతామని 2022లో కేంద్రం చెప్పింది. మన సభ అడగాల్సిన ప్రశ్న ఢిల్లీ అడిగింది, అదీ తన పెత్తనం కోసం.

మనకి దెబ్బ తగిలేది ఇక్కడే. కొట్లాడి సాధించుకున్న 2013 సబ్‌ప్లాన్ చట్టం జనాభా దామాషాలో వాటా ఇవ్వమంది. ఆ వాటా లెక్కించేది బడ్జెట్‌లోని ప్రణాళిక వ్యయం మీద. తెలంగాణ 2017 చట్టంలో అయితే ప్రగతి పద్దు మీద. పద్దులోకి రాని అప్పులో మన వాటా లెక్కే లేదు. కానీ అది తీర్చేటప్పుడు బడ్జెట్‌లోకి వస్తుంది. సబ్బు మీద మన అమ్మలు కట్టిన పైసలు కూడా దానికే పోతాయి.

కట్టడాలు వద్దని నేననడం లేదు. ఆనకట్ట కావాలి, ఆసుపత్రి కావాలి, హాస్టల్ కూడా కావాలి. అప్పు తెచ్చేముందే సభలో లెక్క చెప్పమంటున్నా.

విద్యార్థులకి ఒక పని. బడ్జెట్ పుస్తకాల్లో ప్రభుత్వ పూచీకత్తుల పట్టిక వెతకండి. కాగ్ వెబ్‌సైట్లో మీ రాష్ట్ర ఆర్థిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది, దించుకోండి. ఆ రెండూ పట్టుకుని మీ రిజర్వుడు నియోజకవర్గం ఎమ్మెల్యే ఇంటికెళ్లండి. "అన్నా, ఈ అప్పు మీద సభలో ఎన్నిసార్లు లేచి అడిగావు?" అని అడగండి. ఆ పిల్లాడికి కూడా ఇదే చెప్పాను. వచ్చే సోమవారం నలుగురిని వెంటబెట్టుకుని వెళ్తానన్నాడు.

జై భీమ్. మిగతాది వచ్చే వారం.