10.0.2.15: ఒక చిరునామా పూర్వచరిత్ర

ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్ కల్పించిన కంప్యూటర్లను, నడుపుతూ నెట్‌వర్కింగ్‌ను ఇంట్లోనే సాధన చేయడం ఈ కాలపు అలవాటే అయినా, ఆ సాధనలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఆ అలవాటు కన్నా పాతవి. వర్చువల్‌బాక్స్‌లో కొత్తగా సృష్టించిన రెండు మెషీన్లలోనూ ఇంటర్నెట్ చక్కగా పనిచేస్తుంది గాని ఒకటి పంపిన ప్యాకెట్ రెండోదానికి అందదు. తీరా చూస్తే రెండింటి ఐపీ అడ్రసూ 10.0.2.15 అనే ఉంటుంది. సాధకుడు తన వల్లనే ఏదో తప్పు జరిగిందని భావించే ఈ స్థితికి మూలం 1990ల నాటి టెలిఫోన్ కనెక్షన్లలో ఉంది.

వర్చువల్ మెషీన్ అనే భావన ఐబీఎం సంస్థకు చెందిన కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో, 1960ల మధ్యకాలంలో, సీపీ-40 అనే ప్రయోగ వ్యవస్థగా రూపు దిద్దుకుంది. ఖరీదైన ఒకే యంత్రాన్ని పలువురికి పంచుతూనే ప్రతి ఒక్కరికీ సొంత యంత్రం ఉన్నట్టు చూపడం దాని ఉద్దేశం. దాని వారసురాలిగా 1972లో వెలువడిన వీఎం/370లో రెండు వర్చువల్ మెషీన్లను కలపాలంటే వాటి మధ్య ఒక అడాప్టర్‌ను నిర్వచించి, 'కపుల్' అనే కమాండ్‌తో జోడించవలసి ఉండేది. అక్కడ ఎవరూ కలపనిదే ఏదీ కలిసేది కాదు కనుక, కలపని తీగ గురించి భ్రమపడే అవకాశం తక్కువ.

పర్సనల్ కంప్యూటర్ల కాలానికి ఆ స్పష్టత మరుగున పడింది. 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వచ్చిన తరువాత, వర్చువల్ మెషీన్‌ను బయటి ప్రపంచంతో కలిపే పద్ధతులు ముఖ్యంగా మూడుగా స్థిరపడ్డాయి: ఇంటి రౌటర్‌కు నేరుగా జోడించిన మరో కంప్యూటర్‌లా కనిపించేది బ్రిడ్జ్, అసలు కంప్యూటర్‌తోనూ తోటి మెషీన్లతోనూ మాత్రమే మాట్లాడనిచ్చేది హోస్ట్-ఓన్లీ, అసలు కంప్యూటర్ అడ్రస్ చాటున బయటికి పంపేది న్యాట్. ఈ చివరిది నిజానికి వర్చువల్ మెషీన్ల కోసం పుట్టిన ఏర్పాటు కాదు. ఇంటర్నెట్ అడ్రసులు త్వరలో నిండుకుంటాయన్న ఆందోళనతో 1994లో ప్రతిపాదించిన తాత్కాలిక ఉపశమనం. తాత్కాలికమన్నవే శాశ్వతంగా పాతుకుపోవడం కంప్యూటర్ల చరిత్రలో మామూలే.

దాదాపు అదే కాలంలో, డానీ గాస్పరోవ్‌స్కీ రాసిన స్లర్ప్ అనే ప్రోగ్రామ్ మరో ఇబ్బంది నుంచి బయటపడే దారి చూపింది. ఆనాడు పలువురు విద్యార్థులకు మోడెమ్ ద్వారా అందేది యూనిక్స్ సర్వర్ మీద అక్షరాలు టైపు చేసుకునే షెల్ అకౌంట్ మాత్రమే. తమ కంప్యూటర్‌ను పూర్తిస్థాయి ఇంటర్నెట్‌తో కలిపే సదుపాయం వారికి లేదు. స్లర్ప్‌ను ఆ అకౌంట్‌లోనే సాధారణ ప్రోగ్రామ్‌గా నడిపితే, అది ఇంటి కంప్యూటర్ పంపిన ప్యాకెట్లను విప్పి, వాటిలోని పనిని తన సొంత పనిగా సర్వర్ చేత చేయించేది. ఇంటి కంప్యూటర్ అడ్రస్ 10.0.2.15 అని తెర మీద చూపుతూనే, నచ్చితే మరే అడ్రసైనా పెట్టుకోవచ్చని కూడా అది తెలిపేది. అవతల ఉన్నది ఒకే కంప్యూటర్ కాబట్టి ఏ అడ్రసైనా ఒకటే. ఈ కోడ్‌నే తరువాత క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్, దాని బాటలో 2007లో ఓపెన్ సోర్స్‌గా వెలువడిన వర్చువల్‌బాక్స్ తమ న్యాట్ పద్ధతి కోసం స్వీకరించాయి. దానితో ప్రతి వర్చువల్ మెషీన్‌కూ విడిగా ఒక స్లర్ప్, అందులో అదే 10.0.2.15, గేట్‌వేగా అదే 10.0.2.2 సంక్రమించాయి. వీఎంవేర్‌లో మాత్రం న్యాట్ మెషీన్లన్నీ ఒకే వర్చువల్ స్విచ్‌కు తగిలి ఉంటాయి కనుక పరస్పరం మాట్లాడుకోగలవు. రెండు భిన్నమైన ఏర్పాట్లకు ఒకే పేరు ఉండడం వల్ల ఒక సాఫ్ట్‌వేర్‌లో నేర్చినవారు రెండోదానిలో తికమకపడతారు.

లోపాలను వెతికే సాధనాలకూ ఇటువంటి చరిత్రే ఉంది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో మైక్ మూస్ రాసిన పింగ్, అడిగిన ప్రతి యంత్రమూ బదులిస్తుందన్న నమ్మకం మీద నిలిచింది. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ఫైర్‌వాల్‌ను ముందే ఆన్ చేసి ఉంచడంతో ఆ నమ్మకం సడలింది. నాటి నుంచి విండోస్ మెషీన్ పింగ్‌కు పలకనంత మాత్రాన కనెక్షన్ లేదని తేల్చడానికి వీలు లేదు. ఫైర్‌వాల్‌తో సంబంధం లేని మరో చిక్కూ ఉంది: బ్రిడ్జ్ పద్ధతి ఈథర్‌నెట్ తీగ మీద సాఫీగా నడిచినా వైఫై మీద మొరాయించడానికి కారణం, తన వద్ద నమోదైన మ్యాక్ అడ్రస్ నుంచి, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య నుంచి, వచ్చే సమాచారాన్నే వైఫై యాక్సెస్ పాయింట్ స్వీకరించడం.

2005, 2006 సంవత్సరాలలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు తమ ప్రాసెసర్లలోనే వర్చువలైజేషన్‌కు తోడ్పాటు కల్పించాక ఈ సాధన సామాన్య ల్యాప్‌టాప్‌లకు సులువైంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో కోర్సు చేసి, నిజమైన రౌటర్లు కొనే స్తోమత లేని విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు. మెషీన్లన్నిటినీ ఒకే న్యాట్ కిందికి తెచ్చే 'న్యాట్ నెట్‌వర్క్' సదుపాయాన్ని వర్చువల్‌బాక్స్ 2013లో 4.3 వెర్షన్‌తో చేర్చింది. అయితే దాన్ని వాడుకరే ఎంచుకోవాలి. కొత్త మెషీన్‌కు తొలుత దక్కేది ఇప్పటికీ పాత న్యాటే.